సొంత చాటింపు

వాన తుంపర్లకు తప్పెట మెత్తబడింది. శౌరయ్య పాక ముందు చూరు కింద ఎండుగడ్డి మంట వేసి, తప్పెటను దానిమీద నెమ్మదిగా తిప్పుతున్నాడు. మంట మరీ దగ్గరైతే చర్మం మాడుతుంది, దూరమైతే బిగుసుకోదు. మధ్యమధ్య వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి. పొడవాటి మెడ, ఆ మెడలో ఎప్పుడూ కిందికీ మీదికీ ఆడే పెద్ద గొంతుముడి, ఎండకు కమిలిన వీపు, తలకు మాసిన తువ్వాలు. తిరువూరులో అతని ముఖం గుర్తుపట్టనివాళ్ళు ఉంటే ఉండవచ్చు గానీ గొంతు తెలియనివాళ్ళు లేరు.

ఊరికి చాటింపు వేయడం అతని పని. తండ్రి చేశాడు, తాత చేశాడు. శిస్తు గడువు, కలరా సూదులు, తప్పిపోయిన గేదెలు, టూరింగు టాకీసులో మారిన ఆట, ఓట్ల రోజు, ఆంధ్ర రాష్ట్రం వచ్చిందన్న కబురు, అన్నీ ఈ ఊరు ఆ నోటే విన్నది. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా" అనేవాడు తండ్రి. శౌరయ్య నోరు మంచిదే. చెప్పమన్నది చెబుతుంది, ఒక్క ముక్క అటూ ఇటూ కానివ్వదు. ఆ నోటితో తన సొంతమాట ఒక్కటి మాత్రం బజారులో అని ఎరగడు. జ్ఞానస్నానం పొంది ఎన్నేళ్ళో అయింది. ఆదివారం గుడిలో అందరికంటే గట్టిగా పాడతాడు. బజారుకు వెళితే మాత్రం, తప్పెట మోగించే ముందు బొటనవేలితో దాని అంచుమీద చిన్న సిలువ గీస్తాడు, అంతే. అదీ కడుపుకు ఆనించుకున్న వైపు, ఎవరి కంటా పడకుండా.

"ఇంకా పోలేదా నువ్వు?" అంది లోపల్నుంచి అంతోనమ్మ. అంటూనే దగ్గింది.

శౌరయ్య లోపలికి తొంగిచూశాడు. మంచంమీద ఆమె చిక్కి ఇంతే ఉంది. ఒకప్పుడు చేతికి గాజులు పట్టేవి కావు. ఇప్పుడు అవి మోచేతిదాకా జారుతున్నాయి. పెద్దబజారు ఊడ్చిన చేతులవి. చీకటితో లేచి, కొట్లు తెరిచేలోపల ఈ చివరనుంచి ఆ చివరదాకా ఊడ్చి, వంగిన నడుము అట్లాగే పెట్టుకుని ఇంటికొచ్చేది. ఆమె మంచం పట్టినప్పటినుంచి ఎవరి కొట్టు ముందు వాళ్ళు ఊడ్చుకుంటున్నారు. నడిబజారు సంగతి ఎవరికీ పట్టలేదు.

"తప్పెట కాగలేదే."

"నా చీపురుందో లేదో చూసిరా. బసవపున్నయ్యగారి అరుగు సందులో పెట్టి వచ్చాను. ఎవరన్నా పొయ్యిలో పెట్టేస్తారు."

"నువ్వు లేచాక చూసుకుందువులే."

"ఊఁ, లేస్తా," అని ఆమె నవ్వింది. ఆ నవ్వు శౌరయ్యకు నచ్చలేదు. కుండలో నీళ్ళు ముంచి ఆమె తలాపున పెట్టి, తప్పెట భుజాన తగిలించుకుని బయల్దేరాడు.

పెద్దబజారులో వాన వెలిసింది. బళ్ళచక్రాలకింద బురద చిందుతోంది. మొదటి మూల మీద నిలబడి అంచున సిలువ గీసి, పుల్లతో వాయించి గొంతెత్తాడు. "ఇందుమూలంగా యావన్మంది జనానికీ తెలియజేయడమేమనగా! పెనుగొలనునుంచి తోలుకొచ్చిన నల్లగేదె, కుడికొమ్ము విరిగినది, నిన్నటి సంతలో తప్పిపోయినది. ఆచూకీ తెలిసినవారు తాలూకా కచేరీ పక్క కాఫీ హోటలులో చెప్పవలెను, హో!" నాలుగు మూలలా అదే మాట, అదే వరస. బసవపున్నయ్య కొట్టు దాటుతూ అరుగు సందులోకి చూశాడు. చీపురు ఉంది. హమ్మయ్య అనుకున్నాడు.

"శౌరీ, ఇట్రా," అని పిలిచాడు బసవపున్నయ్య.

కిరాణా కొట్టు ఆయనది. పెద్దబజారులో ఆయన మాటకు ఎదురుచెప్పినవాడు లేడు. నుదుట విభూతి, ముక్కుమీదికి జారిన కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ విసనకర్ర. చెడ్డమనిషి అనడానికి లేదు. కలరా ఏడు గూడేనికి బియ్యం తోలించినవాడు.

"మీ ఆవిడకెట్లా ఉందిరా?"

"రేపోమాపో అన్నట్టుందండి."

"ప్చ్. మంచి మనిషి." ఆయన విసనకర్ర ఆపాడు. "అందుకే చెబుతున్నా. కిందటి వానల్లో ఆ మరియదాసు పోయినప్పుడు సిలువ పట్టుకుని, పాటలు పాడుకుంటూ మీవాళ్ళు ఇటే రాబోయారు. మేం ఆపితే వాగున పోయారు. ప్రతిసారీ ఈ గొడవెందుకు? కొట్లవాళ్ళం అందరం అనుకున్నాం. సిలువలూ పాటలూ పెద్దబజారున రాకూడదని చాటింపు వేసెయ్."

మరియదాసు పాడె వాగులో ఎట్లా జారిందో శౌరయ్య మర్చిపోలేదు. నడుములోతు నీళ్ళలో ఒక కొమ్ము పట్టింది తనే. శవం నీళ్ళలో పడితే, ఆ ముసలి తల్లి ఒడ్డున నిలబడి పెట్టిన కేక అతనికి ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

"మీ ఆవిడ సంగతి వేరనుకో," అన్నాడు బసవపున్నయ్య గొంతు తగ్గించి. "ఇన్నాళ్ళు మా ముంగిళ్ళు ఊడ్చింది. కోడి కూయకముందే, సిలువా పాటా లేకుండా ఇటే తీసుకుపోండి. నేను చూడనట్టే ఉంటా. పెట్టెకు చెక్కలు కూడా ఇస్తాలే."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే శౌరయ్యకు కష్టమైంది. తిడితే ఓర్చుకోవడం అతనికి అలవాటే. దయకు ఏం చెప్పాలో తెలియక, "చిత్తమండి," అన్నాడు.

మూల దగ్గరికి వెళ్ళాడు. అంచున సిలువ గీశాడు. గీసిన వేలు అక్కడే ఆగింది. సిలువ రాకూడదని చెప్పడానికి సిలువ గీస్తున్నానా అనుకున్నాడు. అయినా చెయ్యి అలవాటుగా వాయించేసింది. "ఇందుమూలంగా యావన్మంది జనానికీ తెలియజేయడమేమనగా..." అన్నాడు. అక్కడితో ఆగిపోయాడు.

కాఫీ హోటలు ముందు కూర్చున్నవాళ్ళు తలలెత్తి చూశారు. "ఏంటి శౌరీ, మర్చిపోయావా?" అన్నారెవరో.

"గొంతు పోయిందండి," అన్నాడు. అది అబద్ధం. చెయ్యనని చెప్పే ధైర్యమూ లేదు, చేసే మనసూ లేదు. తన బతుకంతా అడకత్తెరలో పోకచెక్కే అయిందని తనమీద తనకే అసహ్యం వేసి, తల వంచుకుని ఇంటిదారి పట్టాడు.

అంతోనమ్మతో ఏదీ దాచడం అతనికి చేతకాదు. మంచం పక్కన గొంతుకూర్చుని అంతా చెప్పాడు.

"బాగుంది," అంది ఆమె. "నా చావు సంగతి నీ నోటే చాటించాలని చూశారా?"

"పోనీ, చీకటితో పోతే ఏమే? బజారునే పోనిస్తానన్నాడుగా. వాగు తప్పుతుంది."

"చీకటితోనే గదయ్యా నేను రోజూ పోయింది. చీపురు పట్టుకుని. నన్నెవరూ చూళ్ళేదు, నేనెవర్నీ చూళ్ళేదు. ఈ ఒక్కసారి పగలు పోతా." దగ్గు తెర వచ్చి తగ్గాక మళ్ళీ అంది. "సిలువ లేకుండా ఎత్తుకుపోతే అది చెత్తబండే. నేను ఎవరి మనిషినో నలుగురికీ తెలియాలి."

"వాళ్ళు కొడితేనో?"

"కొడితే కొట్టనీ. నాకు తగలదుగా అప్పటికి." మళ్ళీ నవ్వింది. "ఊరందరి మాటా చెబుతావు. పోయిన గేదె మాట చెబుతావు. నీ సామి మాట ఒక్కటి ఎప్పుడన్నా చెప్పావా?"

శౌరయ్యకు కోపం వచ్చింది, అది నిజం కాబట్టి. కాసేపటికి ఆమె గంజి అడిగింది. పొయ్యి దగ్గర కూర్చుని ఊదాడు. తడికట్టెలు, పొగ తప్ప మంట రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ గంజి కాచి, ముంతలో పోసి చల్లార్చుకుంటూ వచ్చేసరికి అంతోనమ్మ గోడవైపు తిరిగి ఉంది. పిలిచాడు. మంచం పట్టెమీద ఉన్న చెయ్యి పట్టుకున్నాడు. ముంత జాగ్రత్తగా కింద పెట్టి, ఆ చేతిమీద తల ఆనించి ఏడ్చాడు.

గూడెం మొత్తం వచ్చింది. ఆడవాళ్ళు ఆమెకు స్నానం చేయించి తెల్లచీర కట్టారు. మగవాళ్ళు పాడె కడుతూ మాట్లాడుకుంటున్నది వాగు గురించే. సమాధుల దొడ్డికి దారులు రెండే, పెద్దబజారు గుండా ఒకటి, వాగున ఒకటి.

"ఎందుకొచ్చిన గొడవ శౌరీ. తాళ్ళు గట్టిగా కడదాం, ఈసారి జారదు," అన్నాడొక పెద్దాయన. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటే ఎట్లా?"

శౌరయ్య లేచి ఉపదేశి సుందరరాజు దగ్గరికి వెళ్ళాడు. గూడేనికి జపాలు నేర్పేదీ, పేపరు చదివి వినిపించేదీ ఆయనే. సన్నటి మనిషి, ముతక జుబ్బా, చేతిలో గుడినుంచి తెచ్చిన పొడవాటి కర్రసిలువ.

"కిందటేడు పేపర్లో చదివారు గదయ్యా, అంటరానితనం నేరమని చట్టమొచ్చిందని. నిజమేనా?"

"నిజమే శౌరయ్యా. చట్టమైతే ఉంది. కానీ..."

"మరి దానికి నాచేత చాటింపు ఎవరూ వేయించలేదేం?"

శౌరయ్య పాకలోకి వెళ్ళి తప్పెట తీసుకున్నాడు. "నేను ముందు పోతున్నా. తప్పెట వినబడితే లేపండి," అన్నాడు. భయం ఎక్కడికీ పోలేదు, దాన్ని వెంటబెట్టుకునే వెళ్ళాడు.

నడిబజారులో నిలబడ్డాడు. బొటనవేలు అలవాటుగా తప్పెట అంచుకు పోయింది. దాన్ని వెనక్కి తీసుకుని, నుదుటిమీద, గుండెమీద, రెండు భుజాలమీద అందరూ చూస్తుండగా నిండుగా సిలువ వేసుకున్నాడు. తర్వాత వాయించాడు.

"ఇందుమూలంగా యావన్మంది జనానికీ తెలియజేయడమేమనగా! అంటరానితనం నేరమని సర్కారువారు కిందటేడు చట్టం చేసినారు. ఏ బజారున ఎవరైనా నడవవచ్చును. కావున, ఈ పెద్దబజారు ఊడ్చిన అంతోనమ్మ, యేసుస్వామిని నమ్ముకున్న మనిషి, ఈ పూట తప్పిపోయినది..."

గేదెల చాటింపు నోటికి అలవాటై ఆ మాట వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు. అతను మాట దిద్దుకున్నాడు.

"చనిపోయినది. సిలువ ముందు పెట్టుకుని, పాట పాడుకుంటూ ఈ బజారునే తీసుకుపోవుచున్నాము. వెంట వచ్చేవారు రావచ్చును. తలుపులు వేసుకునేవారు వేసుకోవచ్చును, హో!"

తప్పెట కొట్టి చెప్పింది ఏదైనా సర్కారు మాటే అని ఆ ఊరికి ఎప్పటినుంచో నమ్మకం. బండివాళ్ళు గబగబా బళ్ళు పక్కకు లాగారు. కాఫీ హోటలులో కానిస్టేబులు గ్లాసు దించి టోపీ పెట్టుకుని, అరుగుల మీంచి జనాన్ని వెనక్కి జరగమన్నాడు. బసవపున్నయ్య చేతిలో విసనకర్రతోనే దిగివచ్చాడు.

"ఎవరు చాటమన్నారు శౌరీ? తాసీల్దారుగారా?"

అవునంటే చాలు. ఆయనా సగం నమ్మాడు, బజారు మొత్తం నమ్మింది. దారి అప్పటికే ఖాళీ అయింది. శౌరయ్య గొంతుముడి ఒకసారి కిందికి దిగింది.

"ఎవరూ చెప్పలేదండి. చట్టం సర్కారుదే. చాటింపు నాది."

"సొంతంగా వేశావా?" ఆయనకు కోపంకంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. "నేను చెప్పింది ఏం చేశావు?"

"అది నా నోటికి రాలేదండి. పొద్దున గొంతు పోయిందని అబద్ధమాడాను. క్షమించండి. సిలువ లేకుండా మాత్రం ఆమెను తీసుకుపోలేను."

"ఇవాళ్టితో ఈ బజార్లో నీ తప్పెట మోగదురా."

"చిత్తమండి. ఈ మనిషిని సాగనంపి పోతానండి."

అంతలో బజారు మొదట్లో పాట వినిపించింది. మొదట ఇద్దరు ముగ్గురి గొంతులే. సుందరరాజు సిలువ పట్టుకుని ముందు నడుస్తున్నాడు, వెనక పాడె, దాని వెనక గూడెం. కానిస్టేబులు బసవపున్నయ్యకేసి చూశాడు, శౌరయ్యకేసి చూశాడు, చివరికి లాఠీ చంకలో పెట్టుకుని ఎక్కడివాడక్కడే నిలబడ్డాడు. కొట్ల తలుపుచెక్కలు ఒకటొకటిగా పడుతున్నాయి. ఎక్కడినుంచో బురదముద్ద ఒకటి వచ్చి సిలువకు తగిలింది. సుందరరాజు ఆగిపోయాడు. పాట కూడా ఆగింది.

శౌరయ్య తప్పెటను వీపుకు తిప్పుకుని వెళ్ళి ఆయన చేతిలోంచి సిలువ అందుకున్నాడు. తలకున్న తువ్వాలు విప్పి బురద తుడిచాడు. పాట ఎక్కడ ఆగిందో అక్కడినుంచి ఎత్తుకున్నాడు, గుడిలో పాడినంత గట్టిగా. వెనకవాళ్ళు అందుకున్నారు. భార్య పోయిందన్న దుఃఖమూ, ఆమె చూడలేదే అన్న బాధా, అయినా ఏదో తేలికా, అన్నీ కలిసి అతని గొంతులో ఉన్నాయి.

బసవపున్నయ్య అప్పటికే లోపలికి వెళ్ళి ఆఖరి చెక్క వేసుకుంటున్నాడు. ఆయన కొట్టు ముందు శౌరయ్య అడుగు ఒక్కక్షణం తడబడింది. అరుగుకూ గోడకూ మధ్య సందులో, పిడికి పాత చీర అంచు చుట్టుకుని, ఒకవైపే అరిగిన పుల్లలతో అంతోనమ్మ చీపురు పొద్దున ఉన్నట్టే నిలబడి ఉంది.