ఒక్క వేలి నొప్పి

కాగితపు కప్పు అంచును చుట్టూ చింపి, లోపలి మంచుగడ్డను కాస్త బయటికి తేల్చి, పిల్ల కాలి మీద ఆనించింది ఆవిడ. మోకాలి కింద నుంచి చీలమండ దాకా, ఎముక లోపలి అంచు వెంట, సున్నాలు చుడుతున్నట్టు రుద్దుకుంటూ పోయింది. పిల్ల మొదట పళ్ళు కొరికింది, తర్వాత ఆవిడను తిట్టింది, ఆ తర్వాత ఊరుకుంది. ముందు చలి, తర్వాత మంట, ఆఖర్న తిమ్మిరి. వరస ఎవరికైనా అంతే. తిమ్మిరెక్కగానే చెయ్యి తీసేయాలి.

ఆ పరుగుల బడిలో అందరూ ఆవిడను ఐసమ్మ అంటారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తప్పుకున్నారు. మైదానం పక్కన ఆవిడ గది: రెండు ఎత్తు బల్లలు, గురక పెట్టే పాత ఫ్రీజరు, కిటికీ ఊచలకు ఆరేసిన తువ్వాళ్ళు. మొదట ఊడ్చే పనికే చేరింది. అప్పుడు కాళ్ళు చూసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పరుగు దూరం ఒక్కసారిగా పెంచినా, అరిగిన బూట్లతో గట్టినేల మీద దూకినా మోకాళ్ళ కింది ఎముకలు లాగేస్తాయని ఆయనే చెప్పాడు. నొప్పి ఎముక పొడుగునా ఉంటే పరుగు ఆపించి, మంచు పెట్టి, తగ్గాక మడమలు ఎత్తి దించే కసరత్తు మెల్లగా చేయించాలి. ఒక్క చోటే, వేలి కొన కింద ఇమిడేంత మేరలోనే ఉంటే మాత్రం అది ఎముకకు పడ్డ బీట కావచ్చు, నీ చేతిలో పెట్టుకోకు, ఆసుపత్రికి పంపు అన్నాడు. ఒక మధ్యాహ్నం గొడుగు వేసుకుని భోజనానికి వెళ్ళి ఆయన మళ్ళీ రాలేదు. ఐసమ్మ మొగుడూ అంతే, లారీ ఎక్కుతూ చెయ్యైనా ఊపలేదు. చెప్పి వెళ్ళినవాళ్ళు ఆవిడ బతుకులో తక్కువ.

పిల్లలూ అంతే. కాళ్ళు బాగయినవాళ్ళు పెద్ద పోటీలకు వెళ్ళిపోయారు. బాగుకానివాళ్ళు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఎవరి మీదా మనసు పెట్టుకోకూడదని ఆవిడ ఏటా ఒట్టు పెట్టుకునేది. మిడత వచ్చాక ఆ ఒట్టు గట్టున పెట్టింది.

మిడత అంటే టైర్లకు పంక్చర్లు వేసేవాడి కూతురు. ఒంట్లో ఉన్నదంతా కాళ్ళే. బల్ల ఎక్కిందంటే నోరు మూయదు. ఏళ్ళ తరబడి పరాయి పిక్కలు నొక్కీ నొక్కీ ఐసమ్మ బొటనవేళ్ళ మొదట్లో నరాలు వాచిపోయాయి; మంచినీళ్ళ చెంబు ఎత్తినా ప్రాణం పోయినంత పనయ్యేది. అది కనిపెట్టింది మిడత ఒక్కతే. సాయంత్రం పని అయ్యాక ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నా కాళ్ళు నువ్వు చూడు, నీ చేతులు నేను చూస్తా, లెక్క సరి అనేది.

ఈమధ్య పరుగుకు ముందు కూడా ఒక కప్పు అడగడం మొదలుపెట్టింది, కాలు తేలిగ్గా ఉంటుందని. మంచు పరుగయ్యాకే పెట్టాలని ఐసమ్మకు తెలుసు. అయినా గారానికి లొంగి ఇస్తూ వచ్చింది.

ఎల్లుండి ఎంపిక పరుగు. ఇవాళ మిడత కప్పు అడిగేలోపే ఐసమ్మ దాని కాలు పట్టుకుంది. ఎక్కడ నొప్పి అంటే, అంతటా అంది. బొటనవేలు ఎముక వెంట మెల్లగా దిగింది. సగం దాటాక మిడత ఉన్నట్టుండి హాస్టల్ వంటాయన కథ ఎత్తుకుంది. గరిటె చెవి మీద పెట్టుకుని దానికోసమే వంటిల్లంతా వెతుకుతున్నాడట. వేలు కిందికి జరిగింది, కథ ఆగింది. వేలు మళ్ళీ పైకొచ్చింది, గరిటె మళ్ళీ వచ్చింది. నవ్వుతున్న ఆ కళ్ళ నిండా నీళ్ళు.

“ఎన్నాళ్ళ నుంచే?”

“ఏంటి?”

“నా దగ్గర నాటకాలొద్దు తల్లీ. ఈ ఒక్క చోట, ఎన్నాళ్ళ నుంచి?”

మిడత తల తిప్పుకుంది. “ఎల్లుండి ఒక్కసారి పరిగెత్తనీ ఐసమ్మా. తర్వాత నువ్వు లెమ్మనేదాకా లేవను. ఇప్పుడు పరిగెత్తకపోతే సీటు తీసేస్తారు. నాన్న మళ్ళీ పంపడు.”

ఐసమ్మ బల్ల పక్కన కూర్చుండిపోయింది. చెప్పకపోతే పిల్ల ఉంటుంది. ఇంకో ఏడాది ఈ బల్ల మీద ఈ వాగుడు ఉంటుంది. చెప్పకపోతే ఎముక విరగనూ వచ్చు. ఆ నొప్పిని ఇన్నాళ్ళూ కప్పిపెట్టింది తన చేతి మంచే. తడి చేతులు చీరకు తుడుచుకుని లేచింది. మిడత పిలిచినా వెనక్కి చూడలేదు. మైదానం అడ్డంగా దాటుకుని, గీతలు గీయిస్తున్న కోచ్ దగ్గరికి వెళ్ళింది.

ఆసుపత్రిలో తీసిన ఎక్స్‌రే బొమ్మలో బీట వెంట్రుకలా కనపడింది. కోచ్ దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. పరిగెత్తి ఉంటే ఎముక రెండు ముక్కలయ్యేదమ్మా అన్నాడు. సీటు కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు, బతిమాలాడు. పరుగులో లేనివాళ్ళకు హాస్టల్లో చోటు లేదన్న మాట దగ్గరే అవతలివాళ్ళు నిలబడ్డారు.

ఆ రోజే పొద్దు వాలుతుండగా తండ్రి ఆటో తీసుకుని వచ్చాడు. గోళ్ళ నిండా టైరు నలుపు. ఐసమ్మ చెప్పేవన్నీ తలూపుతూ విని, బెరుగ్గా అన్నాడు:

“మా ఇంట్లో ఫ్రిజ్ లేదమ్మా.”

“ఐసొద్దయ్యా. కాలు కింద మోపకుండా చూసుకో, చాలు.”

“అది కూర్చునే రకం కాదు గదా.”

“తెలుసు,” అంది ఐసమ్మ.

మిడత తండ్రి భుజం పట్టుకుని కుంటుతూ ఆటో దాకా వెళ్ళింది. ఎక్కేటప్పుడు ఐసమ్మ మోచెయ్యి పట్టుకోబోతే విడిపించుకుంది. లోపల సర్దుకున్నాక, ఆవిడ వైపు చూడకుండానే అంది:

“ఇంకెవరు పట్టించినా ఇంత ఏడ్చేదాన్ని కాదు.”

ఆటో కదిలింది. ఐసమ్మ చెయ్యి ఎత్తింది గానీ ఊపలేదు. అది మలుపు తిరిగాక కూడా ఆ చెయ్యి అలాగే కాసేపు ఉండిపోయింది.

గదికి తిరిగొచ్చి లైటు వేసింది. బల్ల తుడుద్దామని గుడ్డ తీసుకుని వెళ్ళి ఆగిపోయింది. ఆసుపత్రికి వెళ్ళే తొందరలో మిడత మరిచిపోయిన, పిక్కకు తొడుక్కునే గొట్టంలాంటి పట్టీ బల్ల మీద నిలబడి ఉంది, ఇంకా ముడుచుకోకుండా, ఒక సన్నటి కాలు పట్టేంత గుండ్రంగా.