దొరకడానికి పట్టే సమయం

మూడో వరస చివర, పైనుంచి రెండో అరలో చెయ్యి పెట్టి, కళ్ళు సగం మూసుకుని, ఆయన నాలుగు పుస్తకాలు వేళ్ళతో తడిమి ఐదోది లాగాడు. దుమ్ము లేచింది. తుమ్మొచ్చింది. మోచేతితో ముక్కు తుడుచుకుని, పేజీలు తిప్పి, ముప్పై ఏళ్ళనాటి ఓ విద్యార్థి మార్కుల దగ్గర వేలు ఆపాడు. కిటికీ అవతల నిలబడ్డ మనిషి ఇంకా మెడ మీద చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఇదేనా, చూసుకోండి," అన్నాడు.

అది విశ్వవిద్యాలయంలో పాత రికార్డుల గది. ఆయనకు అందరూ పెట్టిన పేరు 'పది నిమిషాలు'. ఎవరొచ్చి ఏ సంవత్సరం కాగితం అడిగినా "పది నిమిషాలాగండి" అనేవాడు, అన్న మాట తప్పేవాడు కాదు. అంతకు మించి ఆయన గురించి చెప్పుకోడానికి ఏముంది గనక! పొట్టి మనిషి. జేబులో రెండు పెన్నులు, అందులో ఒకటి రాయదు. ప్రమోషన్ ఆయన అడగలేదు, వాళ్ళు ఇవ్వలేదు. ఎవరి వీడ్కోలు సభ జరిగినా వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టి, చడీచప్పుడు లేకుండా గదికి వచ్చేసే రకం.

గది సంగతి మాత్రం చెప్పాలి. ఇరవై ఆరేళ్ళ కిందట పాత భవనం కప్పు కారితే, రిజిస్టర్లన్నీ రెండు రోజుల్లో ఇక్కడికి మోశారు. ఖాళీ కనిపించిన చోటల్లా కుక్కారు. తడిసిన చీటీలు ఊడిపోయాయి. తీరిగ్గా సర్దుకుందాం లెమ్మని అందరూ అనుకున్నారు. కానీ మోసినవాళ్ళలో ఈయనొకడు. ఏది ఎక్కడ పడిందో ఈయన కాళ్ళకు తెలుసు. అడిగినవన్నీ దొరుకుతూంటే ఇక సర్దేదెవరు? ఒకసారి ఆ వివరమంతా కాగితం మీద పెడదామని కూర్చున్నాడు. కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. లేచి వరసల మధ్య నడిస్తే అన్నీ గుర్తొచ్చాయి. ఇదెక్కడి చోద్యమో ఆయనకే అంతుబట్టలేదు.

ఆ రోజు పదకొండింటికి పై అంతస్తు నుంచి ప్రణాళికల అధికారిణి దిగి వచ్చింది. కొత్తగా చేరిన మనిషి, ఆయన కూతురి ఈడుంటుంది. చేతిలో పన్నెండు పేజీల ఫారం ఉంది.

"మాస్టారూ, ఈ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి బిజినెస్ కేస్ పెడుతున్నాం. సాయంత్రానికల్లా పైకి పంపాలి."

"బిజినెస్సేంటమ్మా, మనమేమన్నా కొట్టు పెడుతున్నామా? పైగా కేసంటున్నావు. ఎవరి మీద?"

ఆవిడకు నవ్వాగలేదు. "ఎవరి మీదా కాదు. ఈ పని ఎందుకు చెయ్యాలో, చెయ్యకపోతే ఏం నష్టమో కమిటీకి నచ్చజెప్పే కాగితం. మీకింకా ఏడు నెలల సర్వీసుంది కదా. మీరు నడుస్తూ ఏది ఎక్కడుందో చెబుతుంటే, మనవాళ్ళు వెనకాలే స్కాన్ చేసుకుంటూ వస్తారు. ఈసారి పాసవ్వకపోతే మళ్ళీ రెండేళ్ళ దాకా అడగనివ్వరు. అప్పటికి మీరుండరు. ఈ గదిలోకొచ్చి ఎవరూ ఏదీ వెతికి తీయలేరు మాస్టారూ."

ఆయనకు సంతోషం వేసింది. తను వెళ్ళిపోయాక కూడా ఈ పుస్తకాలు అడిగినవాళ్ళకి దొరుకుతాయన్నమాట! ఇన్నేళ్ళలో ఆయన ఇంతగా కావాలనుకున్నది మరొకటి లేదు. పెన్ను తీశాడు. రాయనిది వచ్చింది. రెండోది తీశాడు.

రెండో పేజీలో అడిగారు: ప్రస్తుత పద్ధతిలో ఒక రికార్డు దొరకడానికి పట్టే సమయం. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకునేదేముంది! 'పది నిమిషాలు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

అధికారిణి తల పట్టుకుంది. "పది నిమిషాల్లో దొరుకుతుంటే కంప్యూటరెందుకని అడగరూ?"

"మరి పట్టేది పదేగదమ్మా."

"అది మీకు. ఈ గదికెంత పడుతుంది?"

గదికి పట్టడమేమిటి? గది లేచి వెతుకుతుందా? ఆయన తల గోక్కున్నాడు. ఆవిడ ఫారం అక్కడే వదిలి, మూడింటికి మళ్ళీ వస్తానని వెళ్ళింది.

మధ్యాహ్నం డబ్బా తెరిచి తింటూ మిగతా పేజీలు తిరగేశాడు. ఐదో పేజీలో ఇంకో తలనొప్పి. 'మొదటి ప్రత్యామ్నాయం: ఏమీ చేయకుండా ఉండటం. దాని ఫలితం రాయండి.' ఏమీ చేయకుండా ఉండటానికి కూడా ఫలితమా! ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ఇలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒక ముద్ద తిని ఒకమాట రాశాడు, ఇంకో ముద్ద తిని కొట్టేశాడు. చివరికి, ఉన్నదున్నట్టు రాస్తే ఏ గొడవా ఉండదనుకుని, 'ఏమీ కాదు. పని ఎప్పటిలాగే నడుస్తుంది' అని రాసి సంతకం పెట్టాడు.

మూడింటికి అధికారిణి పక్క సెక్షన్ టైపిస్టును వెంటబెట్టుకొచ్చింది. అప్పుడే కిటికీ దగ్గరికి ఒక నర్సమ్మ వచ్చింది. నాలుగింటికల్లా పాత మార్కుల నకలు ఆసుపత్రిలో ఇవ్వాలట, ఇవ్వకపోతే పోస్టు ఇంకొకరికి వెళ్ళిపోతుందట.

"మంచిదే, దీంతోనే చూద్దాం," అంది అధికారిణి, ఫోన్లో గడియారం తెరుస్తూ. "ఈమె వెతుకుతుంది. మాస్టారూ, మూడున్నర దాకా మీరు కదలొద్దు, నోరెత్తొద్దు. అప్పటికీ దొరక్కపోతే మీరే తీసిద్దురుగాని, ఆవిడ పనికేం అడ్డం రాదు. నేను మాత్రం 'దొరకలేదు' అని రాసుకుంటాను. ఆ ఒక్కమాట చాలు మనకి."

ఆయన బుద్ధిగా తలూపాడు. టైపిస్టు లోపలికెళ్ళింది. అరల మధ్య ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. మొదటి వరస. రెండో వరస. అయ్యో, అటు కాదు! పుస్తకం ఉన్నది ఏడో వరసలో, కిందనుంచి మూడో అర, ఆకుపచ్చ అట్ట. పది నిమిషాలయ్యాయి. పదిహేనయ్యాయి. నర్సమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. గోడ గడియారం వంక చూసి, ఆయన వంక చూసి, "దొరకదాండీ?" అంది.

ఆ మాట ఆ కిటికీ దగ్గర ఇరవై ఆరేళ్ళలో ఎవరూ అనలేదు. ఆయనకు చెవులు వేడెక్కాయి.

"మంచినీళ్ళు తాగొస్తానమ్మా," అని అధికారిణితో చెప్పి లేచాడు. వెనక తలుపులోంచి ఏడో వరసలోకి వెళ్ళి, ఆకుపచ్చ పుస్తకాన్ని నాలుగు వేళ్ళ మేర బయటికి లాగి, వచ్చేసి ఎప్పటిలా కూర్చున్నాడు. నీళ్ళు తాగలేదు. ఎందుకలా చేశాడంటే నేనేం చెప్పను! ఇంకో పది నిమిషాలు ఓపిక పడితే పోయేదానికి! చేతులు ఊరుకోలేదు, అంతే.

"దొరికిందండోయ్!" లోపల్నుంచి టైపిస్టు కేక పెట్టింది. మొహం చాటంత చేసుకుని వచ్చింది. "చూశారా అన్నయ్యగారూ, నాకూ వచ్చేసింది మీ విద్య!"

"శభాష్ తల్లీ," అన్నాడాయన, ఆమె కళ్ళలోకి చూడకుండా.

నర్సమ్మ దండం పెట్టి, నకలు తీసుకుని పరుగెత్తింది. అధికారిణి ఫోన్లో గడియారం ఆపింది. "ఇరవై రెండు నిమిషాలు. మొదటిసారి వెతికిన మనిషికి," అంది నీరసంగా. ఉన్నదే రాసుకుంది. అబద్ధం రాసే మనిషి కాదు. పంపే వేళ ముంచుకొస్తుంటే మిగతా పేజీలు చూడకుండానే ఫారం తీసుకుని పైకి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో భార్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే, ఆయన దుప్పటికి రెండో కొస పట్టుకుని జరిగిందంతా చెప్పాడు.

"ఏమీ చెయ్యకపోతే ఏమవుతుందని అడిగారే. ఏమీ కాదని రాశాను. తప్పంటావా?"

"మీరున్నారు కాబట్టి ఏమీ కాదు. మీరు లేకపోతే?"

"నేనెక్కడికి పోతానూ?"

"ఏడు నెలల తర్వాత ఆ ఆఫీసరమ్మాయి మిమ్మల్ని ఇంటి నుంచి మోసుకెళ్తుందా ఏం? ఇంత అమాయకత్వం ఎక్కడిదండీ మీకు!"

దుప్పటి కొస చేతిలోనే ఉండిపోయింది. కాగితంలో అడిగింది తన గురించా! తన గురించి అడిగితే తన పేరెక్కడా లేదేమిటి? పేరు లేని ప్రశ్నకి తనెలా జవాబవుతాడు? ఎటు తిప్పి చూసినా అర్థమైనట్టే ఉంది, కానట్టూ ఉంది. రేపు పైకెళ్ళి ఆ పిల్లతో చెప్పి దిద్దించాలనుకున్నాడు. పుస్తకం లాగిన సంగతి కూడా చెప్పేయాలి. తిట్టినా సరే.

మర్నాడు మెట్ల దాకా వెళ్ళాడు. కిటికీ దగ్గర ఎవరో పిలిచారు. "పది నిమిషాలాగండి," అంటూ వెనక్కొచ్చాడు. ఆ మర్నాడూ అంతే. అడిగేవాళ్ళని నిలబెట్టి తన పని మీద తను వెళ్ళడం ఆయనకు చేతకాని విద్య. అలా పదమూడు రోజులు గడిచాయి. పద్నాలుగోనాడు పొద్దున బూట్ల లేసులు కట్టుకోడానికి వంగి, మళ్ళీ లేవలేదు. భార్య వంటింట్లోంచి రెండుసార్లు "ఏమండీ" అని పిలిచి, మూడోసారి పిలవకుండా పరుగెత్తుకొచ్చింది.

కమిటీ ఆ మరుసటి వారం కూర్చుంది. మనిషి పోయాడని, ఇప్పుడు ఎంత తొందరో అంతా చెప్పి అధికారిణి గొంతు చించుకుంది. వాళ్ళు పాపం అన్నారు. ఆ స్థానంలో ఇంకొకరిని వేయమన్నారు. కొత్త మనిషికి ఇరవై రెండు నిమిషాలు పడుతుందని మీ కాగితమే చెబుతోంది కదా, ఏమీ కాదని రాసి సంతకం పెట్టింది కూడా ఆయనే కదా, ఇక తొందరేముందన్నారు. రెండేళ్ళ తర్వాత చూద్దామన్నారు.

ఇంకొకరిని వేశారు. టైపిస్టు కూడా రోజూ వచ్చి సాయం పడుతోంది. తనకు ఆ రోజు అంత సులువుగా ఎలా దొరికిందో ఆమెకు అర్థం కావడం లేదు, ఒకరోజు అరల మధ్య నిలబడి ఏడ్చేసింది. అడిగినవాళ్ళు పూటంతా ఆగుతున్నారు, కొందరు మర్నాడు వస్తున్నారు. నిలబడలేని ఒక ముసలాయన నేలమీద కూలబడటం చూసి, అధికారిణి లోపలికెళ్ళి పది నిమిషాలాయన కుర్చీ తనే ఎత్తి తెచ్చి కిటికీ ముందు వేసింది. ఇప్పుడు వచ్చినవాళ్ళు వంతులవారీగా అందులో కూర్చుంటున్నారు. దాని మీద ఆయన భార్య కుట్టిచ్చిన నీలం మెత్త ఇంకా ఉంది, నడుమ గుంటపడి, ఒకవైపు కుట్టు కాస్త వదులై.