ఐదు వందల అంగల వీధి

మా ఆయన ఆకాశం వైపు చూస్తూ నడుస్తారు. పొగరనుకునేవాళ్లు అనుకోనీ. ముప్పై ఏళ్లు కరెంటు లైన్‌మన్‌గా పనిచేశారు. ఒక గాలివాన రోజు తెగిపడ్డ తీగ ఎడమ చేతిని కాల్చేసింది. అప్పట్నుంచి నెత్తిమీద తీగ ఉందంటే చాలు, దాని మీంచి చూపు తిప్పుకోలేరు. కింద గుంటలూ రాళ్లూ చూసుకోవడం నా వంతు. ఆయన మోచెయ్యి పట్టుకుని నడిపించడం ఎంత అలవాటైపోయిందంటే, ఒంటరిగా వెళ్లేటప్పుడు కూడా నా చెయ్యి పక్కకు వెళ్తుంది.

మాది ఇస్త్రీ షాపు. రెండు బల్లలు, రెండు కరెంటు ఇస్త్రీ పెట్టెలు. పొద్దున బట్టలు తెచ్చి పడేస్తే సాయంత్రానికి మడతపెట్టి ఇళ్లకు చేరుస్తాను. ఈ చివర్నుంచి ఆ చివరికి మా వీధి సరిగ్గా ఐదు వందల అంగలు. రోజుకు ఆరుసార్లు తిరిగే కాళ్లకు లెక్క తప్పదు.

ఊళ్లో తీగలన్నీ భూమిలోకి దించేస్తామని విద్యుత్ కంపెనీ ప్రకటించినప్పుడు ఆయన మొహం చూడాలి! ఆ పూట అడక్కుండానే రెండోసారి వడ్డించుకున్నారు. అయితే ఆ ప్రకటన కిందే ఇంకో మాట ఉంది. ఖర్చు రాబట్టుకోవడానికి ప్రతి బిల్లు మీదా పదో వంతు అదనం, పదిహేనేళ్లపాటు. అభ్యంతరాలుంటే బహిరంగ విచారణలో చెప్పుకోవచ్చు. పదో వంతంటే నేను ఒక బల్ల ఎత్తేయాల్సిందే.

"ఊరుకో అక్కా," అన్నాడు పక్కనే ఉన్న మందుల షాపతను. "ఇన్నాళ్లకు ఒక మంచి పని చేస్తామంటున్నారు. నువ్వు వేలు పెట్టావంటే అసలు పనే ఆపేస్తారు."

నాకు వేలు పెట్టే గుణం పుట్టుకతోనే వచ్చింది. కంపెనీ ఆఫీసుకు వెళ్లి, ఖర్చు అంచనా పుస్తకం అడిగి, నిలబడి చదివాను. వీధి పేరు, తవ్వాల్సిన కందకం పొడవు, ఖర్చు. మా వీధి దగ్గర పొడవు పన్నెండు వందల డెబ్బై రెండు మీటర్లని ఉంది. నాకు నవ్వాగలేదు. అంత పొడవుంటే రోజుకు ఆరుసార్లు తిరిగేసరికి నా కాళ్లు అరిగిపోయి నడుం దగ్గరకొచ్చేవి.

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. నవ్వుతారనుకున్నాను. ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టేశారు.

"ఆ అంకె నాదే," అన్నారు.

"మీదా?"

"స్తంభానికి నాలుగు తీగలు కదా. స్టోర్‌లో తీగ కావాలంటే నాలుగింటి పొడవూ కలిపి అడగాలి. లైన్‌మన్లందరం రిజిస్టర్‌లో అలాగే రాసేవాళ్లం. పొడవంటే మాకు తీగ పొడవే. వీధి పొడవుతో మాకేం పని? అంచనా వేసినవాళ్లు ఆ గడి చూసి అదే కందకం అనుకున్నట్టున్నారు."

"భూమిలో వేసే కేబుల్‌కి నాలుగు కందకాలు కావాలా?"

"ఒక్కటి చాలు. నాలుగు తీగలూ ఒకే తొడుగులో ఉంటాయి."

ఒక్క కందకానికి నాలుగు కందకాల డబ్బు, అదీ ఊరంతటికీ! నేను అప్పుడే విచారణకు బయల్దేరినంత పని చేశాను. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపారు.

"వద్దు. తప్పని తేలితే పని మూల పడేస్తారు. ఆ తీగలు నెత్తిన అలాగే వేలాడతాయి. పైగా ఆ రిజిస్టర్ నాదని బయటపడితే ముప్పై ఏళ్ల పేరు మట్టిలో కలుస్తుంది."

"మట్టిలో కలవాల్సింది తీగలండీ, మీ పేరు కాదు. రెండూ నేను చూసుకుంటాను."

అలా అన్నానే కానీ, ఆ కాలిన చెయ్యి చూస్తే భయం వేసింది. నా నోటి దురుసు వల్ల పని ఆగిపోతే ఆయన మొహం ఎలా చూడను?

విచారణ రోజున హాలు నిండిపోయింది. వేదిక మీద అధ్యక్షురాలు, ఇటు పక్క కంపెనీ ఇంజినీరు. నా వంతు రాగానే సంచిలోంచి ఇస్త్రీ చేసిన దుప్పటి తీశాను.

"ఇంజినీరుగారూ, ఇది విప్పితే నా బల్ల నిండుతుంది. నాలుగు మడతలు పెడితే బల్లలో ఎంత చోటు కావాలి?"

"పావు వంతు," అన్నాడాయన నవ్వుతూ.

"మరి నాలుగు తీగలూ ఒకే తొడుగులో పెట్టి, నా దగ్గర బల్లంతటికీ అద్దె వసూలు చేస్తారేంటి?"

నవ్వులు మొదలయ్యాయి. ఇంజినీరు కాగితాలు తిరగేశాడు. "రిజిస్టర్‌లో పొడవు అనే ఉందమ్మా. అది తప్పయితే మేమేం చేస్తాం? రాసినవాళ్లనడగాలి."

ఆ మాటకు నా పక్క కుర్చీ కిర్రుమంది. మా ఆయన లేచి నిలబడ్డారు.

"రాసింది నేనే. రిజిస్టర్‌లో ఒక్క మీటరు కూడా తప్పులేదు. మీరు చదవడం తప్పు. టేపు పట్టి కొలిచి, నాలుగుతో హెచ్చవేయండి. తేడా వస్తే నా పింఛను ఆపేయండి."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన పైకప్పు వైపు కాకుండా మనిషి కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు.

అధ్యక్షురాలు నన్నడిగింది. "అంటే పని ఆపమంటారా?"

"ఒక్క రోజు కూడా ఆపొద్దమ్మా. ఆ తీగలేం చేస్తాయో మా ఇంట్లో రోజూ చూస్తున్నాను. పాతండి, ఖర్చు మేమే కడతాం. పాతినంతకే కడతాం."

వీధులన్నీ పదిహేను రోజుల్లో కొలవాలనీ, ఆ కొలతల మీదే రుసుము తేల్చాలనీ, పని మాత్రం అనుకున్న తేదీకే మొదలవ్వాలనీ ఆవిడ ఆదేశమిచ్చింది. మా వీధి కొలిచే రోజున టేపు రెండో కొస మా ఆయనే పట్టుకున్నారు, ఆ ఎడమ చేత్తోనే. మూడు వందల పద్దెనిమిది మీటర్లు. ఇంజినీరు అక్కడే నాలుగుతో హెచ్చవేసి, రిజిస్టర్ చూసి, ఆయనకు చెయ్యి కలిపాడు. కేబుల్ ఖరీదు ఎక్కువే కాబట్టి రుసుము పూర్తిగా పావుకు దిగలేదు. పదో వంతు కాస్తా ముప్పయ్యో వంతైంది. నా రెండు బల్లలూ ఉన్నాయి. మందుల షాపతను తనకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందని అందరికీ చెబుతున్నాడు.

కందకం పూడ్చి, స్తంభాలు పీకేసిన మర్నాడు ఇద్దరం బట్టలివ్వడానికి బయల్దేరాం. అలవాటుగా మోచెయ్యి పట్టుకున్నాను. ఆయన అలవాటుగా పైకి చూశారు. అక్కడేమీ లేదు. కాసేపటికి తల దించారు. పది అంగలేసి ఆగిపోయారు.

"నీ చెప్పు తెగిపోయిందేంటి?"

"తెగి ఏడాదైంది."

"ఏడాదా! పిన్నీసు పెట్టుకుని తిరుగుతున్నావా? చెప్పవేం?"

ఏం చెప్పను? ఆయన నా చేతిలోని మూటలు తీసుకుని, ముందు చెప్పుల కొట్టుకు దారి తీశారు. దారిలో ఎక్కడ గుంటుందో ఆయనే చెప్పారు.