తల్లి చివరి మాట

మా ఆయన కథ రాసిన వీడియో గేమ్ విడుదలైన నెల తిరక్కముందే జనం ఆయన్ని దుమ్మెత్తిపోయడం మొదలుపెట్టారు. తిట్లయినా సరే, పేరొస్తే చాలనుకునే మనిషి. ఆ సంతోషంలో ఆఫీసువాళ్ళిద్దర్ని భోజనానికి పిలిచారు. ఒకమ్మాయి బొమ్మలు గీస్తుంది, ఒకబ్బాయి సంగీతం కడతాడు. వండి వడ్డించడానికి నేనున్నానుగా.

గొడవంతా ముగింపు మీద. ఆస్పత్రి మంచం మీద ఆరేళ్ళ పిల్లవాడు. తల్లి "వెళ్తున్నా" అని తలుపు తీసుకుని పోతుంది. వాడు ఒంటరిగా కన్నుమూస్తాడు. ఆడేవాళ్ళు ఏ మీట నొక్కినా ఆవిడ వెనక్కి రాదు.

"ఏ తల్లైనా 'వెళ్తున్నా' అంటుందా సార్? 'వెళ్ళొస్తా' అంటుంది గానీ!" అంది అమ్మాయి. "ఆ ఒక్క మాటతో ఆవిడ రాక్షసైపోయింది. నేను గీసిన మొహాన్ని పట్టుకుని బూతులు తిడుతున్నారు."

"దమ్మంటే అదే మరి. ఏడిపించకుండా ముగించడం ఎవరికైనా వచ్చు," అన్నాడు అబ్బాయి. "రాసినవాడి ఇష్టం. నచ్చకపోతే ఆడ్డం మానెయ్యమను."

"సరే, తండ్రేడి? ఆ పిల్లాడికి తండ్రి లేడా?"

"ఇది తల్లి కథమ్మా," అన్నారు మా ఆయన, నా వైపు చూడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా బాబు సంగతి వాళ్ళకు తెలియదు. వాడు పోయిన చాలాకాలానికి ఆఫీసులో చేరారు. ఆ రోజు ఆస్పత్రిలో నేను "వెళ్ళొస్తా నాన్నా" అనే అన్నాను. అసలు కదలనని మొండికేస్తే, "ఇంటికెళ్ళి స్నానం చేసి రా, నేనుంటాగా" అని చెప్పులు తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టింది ఈ మనిషే. నేను తిరిగొచ్చేసరికి కింద ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. పైన గదిలో బాబు పోయి ఉన్నాడు. ఆ మాటెత్తితే కుమిలిపోతారని ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను.

వాళ్ళు వెళ్ళాక అడిగేశాను.

"నేను వెళ్ళొస్తానన్నాను కదండీ?"

"అది గేమే. నీ గురించి కాదు."

"చెప్పులు తెచ్చి పెట్టిందెవరు? నేనుంటానన్నదెవరు? ఆ మనిషినేం చేశారు?"

ఆయన ఎంగిలి కంచం ముందే కూర్చుని ఎండిన మెతుకులు గిల్లారు.

"మొదట రాసినప్పుడు తండ్రి ఉన్నాడు," అన్నారు. "ఆఫీసులో చూపించకముందు, బొమ్మల్లేకుండా ఉత్త రాతతోనే బయటివాళ్ళు కొందరితో ఆడించాను. అందరూ వాణ్ణే తిట్టారు. తట్టుకోలేకపోయాను."

"నేను తట్టుకుంటాననుకున్నారా?"

"నువ్వెవరో వాళ్ళకి తెలీదుగా," అన్నారు.