కుడి ట్యాంకు

కుడి ట్యాంకులో పెట్రోలు పోసి చూస్తే, పెట్రోలు మట్టం చూపే సెన్సరు బిగించిన చోట మళ్లీ చెమ్మ ఊరింది. అంబదాస్ పళ్లు కొరికాడు. స్పానరు నేలకేసి కొట్టబోయి, పెట్రోలు సంగతి గుర్తొచ్చి చెయ్యి దించాడు.

సూరత్ శివారు బమ్రోలిలో మూతపడిన మగ్గాల షెడ్డు అది. హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరుగా రిటైరైన రామమోహనరావు అక్కడ సొంత చేతులతో రెండు సీట్ల విమానం కడుతున్నాడు. చిన్నప్పటి నుంచి పవర్‌లూములు బాగుచేస్తూ సగం చెవుడు తెచ్చుకున్న అంబదాస్, ఒకనాడు ఏదో రేకుకు బెజ్జం వేయడానికి వచ్చి ఉండిపోయాడు. మగ్గాల యజమానులైన సేఠ్‌లు అతన్ని అరిచి పిలిచారే కాని ఏనాడూ ఏదీ అడగలేదు. ఈయన మాత్రం ప్రతిదానికీ "ఏమంటావ్ అంబదాస్?" అనేవాడు.

ఇప్పుడాయన ఆసుపత్రిలో ఉన్నాడు. గ్యాస్ ట్రబులని చెప్పి వెళ్లాడు.

గుమ్మంలో ఆయన కూతురు హరిణి నిలబడింది.

"అంకుల్, ఇక ఆపేయండి. నాన్నకి క్యాన్సర్. ఏడాదిగా తెలుసు."

"ఏడాదా? నాకెందుకు జెప్పలే?"

"చెప్తే మీరు పని చేయనివ్వరని."

అంబదాస్ ముఖం కందిపోయింది. "రోజు నా పక్కన గూసోని చాయ్ తాగిండు గద బిడ్డా! గింత అబద్ధమా? రానీ, అడుగుత."

"ఆయన ఇక రారు అంకుల్."

అతను వినిపించుకోలేదు. ఆమె ఆసుపత్రికి వెళ్లిపోయింది. అతను పెట్రోలు వంపేశాడు. సెన్సరు ఊడబీకి, పాత సీలెంటును గోరు చీలేదాకా గీకాడు. ట్యాంకు అంచు ఒకవైపు కాస్త ఎత్తుగా ఉంది. గరుకు కాగితంతో రుద్దుతూ ఆయన్ని తిట్టాడు, డాక్టర్లను తిట్టాడు, తన కళ్లను తిట్టుకున్నాడు. మనిషి ఎదుటే చిక్కిపోతుంటే డైటింగ్ అంటే నమ్మాడు. కొత్త వాషరు వేసి, సీలెంటు పూసి, మధ్యాహ్నం అన్నం ముట్టకుండా అది ఆరేదాకా దాని ముందే కూర్చున్నాడు.

సాయంత్రం మళ్లీ పెట్రోలు పోశాడు. గుడ్డతో తుడిచి చూశాడు. పొడిగా ఉంది. కాక్‌పిట్‌లోకి ఎక్కి స్విచ్ వేస్తే ముల్లు తడబడకుండా సగానికి లేచి నిలిచింది. వెంటనే హరిణికి ఫోన్ చేశాడు.

"సార్‌కియ్యి బిడ్డా. కుడి ట్యాంకు కారుతలేదని జెప్పాలె."

అవతల ఎవరో స్ట్రెచర్ జరుపుతున్న చప్పుడు.

"ఇప్పుడే, అంకుల్."

"ఇప్పుడే ఏంది?" అని గట్టిగా అరిచాడు, అర్థమయ్యాక కూడా.

ఫోన్ కట్టయింది. పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగాడు. "జరసేపు ఆగితే ఏం బోయింది సార్ నీకు!" అని దాని వీపు మీద పిడికిలితో గుద్దాడు. సీటు తలభాగానికి తగిలించిన సంచిలోంచి మెత్తనిదేదో జారి అతని ఒళ్లో పడింది.

ఉన్ని మంకీ క్యాపు. పైకెగిరితే చలి పెడుతుందని, చలన్నది ఎరగని సూరత్‌లో వెతికి కొన్నట్టున్నాడు. లోపలి ఉన్ని పోగుల్లో ఒక తెల్ల వెంట్రుక చిక్కుకుని ఉంది.