అమ్మోరైన ఎర్రడబ్బా

రాజాంలో నరసింగరావుకి వరిమిల్లు ఉండేది. అరవై ఎనిమిదిలో మిల్లుకని ఓ నిప్పులార్పే డబ్బా కొన్నాడు. ఎర్రగా నిగనిగలాడుతోందని మిల్లుకి పంపకుండా ఇంట్లోనే పెట్టుకున్నాడు. చుట్టాలొచ్చేది ఇంటికి గానీ మిల్లుకి కాదు కదా. ఆయన బుర్ర అలా పనిచేసేది.

అమ్మినవాడు పెరట్లో గడ్డి అంటించి మరీ చూపించాడు. డబ్బాని తలకిందులు చేసి, మూత మీది బొడిపెను నేలకేసి కొట్టాడు. నీళ్ళు జివ్వున చిమ్మి మంట చప్పున ఆరింది. ఒకసారి వాడితే ఖాళీ అయినట్టేననీ, మూత విప్పి మళ్ళీ మందు పోయాలనీ చెప్పి, నింపి ఇచ్చి వెళ్ళాడు. నరసింగరావు మీసం దువ్వుకుంటూ విన్నాడు. తలుపు చాటునుంచి కోడలు చిన్నతల్లీ విన్నది.

దసరాకి మిల్లు యంత్రాలతో పాటు డబ్బాకీ పసుపు రాసి బొట్టు పెట్టారు. అత్త సుభద్రమ్మ అంతటితో ఊరుకోలేదు. బొట్టు పెట్టినదాన్ని మేకుకి వేలాడదీస్తే పాపమన్నది. దేవుడి గదిలో పీట వేసి నిలబెట్టి, రోజూ ఓ మందారం పెట్టడం మొదలెట్టింది. ఆ ఇంట్లో కోడలి మొహాన ఎవరూ ఓ మంచి మాట పడేసిన పాపాన పోలేదు. డబ్బాకి మాత్రం హారతి.

మరుసటి వేసవిలో ఓ మధ్యాహ్నం చిన్నతల్లి బయటుంది. ఆ మూడు రోజులూ ఆడది ఇంట్లో అడుగు పెట్టకూడదు, దేన్నీ ముట్టకూడదు గనక పశువుల శాల పక్కన కూర్చుంది. రెండేళ్ళ కూతురు కొట్టుగదిలో నిద్రపోతోంది. ఆ గదికి తలుపు తాటికమ్మల వంటవసారాలోంచే. సుభద్రమ్మ ఊకపొయ్యి రాజేసి వీధిలోకి కబుర్లకి వెళ్ళింది. గాలికి రవ్వ లేచి కమ్మలు అంటుకున్నాయి.

చిన్నతల్లి కేకకి మేం చుట్టుపక్కలవాళ్ళం పరుగెత్తాం. నుయ్యి వీధి చివర. కడవలు వచ్చేలోగా నరసింగరావు డబ్బా పట్టుకొచ్చాడు. దండం పెట్టుకుని, నిటారుగా రెండు చేతుల్తో పట్టుకుని, మంటకి చూపిస్తూ నిలబడ్డాడు.

"తలకిందులు సెయ్యి మావా. బొడిపి నేలకి కొట్టు," అన్నది చిన్నతల్లి.

"అమ్మోరి తల కిందెట్టమంతావేటే?"

"లోపల పాప ఉన్నాది మావా."

"అందుకే సూపిస్తన్నాను. నువ్వు దగ్గిరకి రాకు, మైల."

చెప్పడానికే నాకు ఒళ్ళు మండుతోంది. చిమ్మడం తన కళ్ళతో చూసిన మనిషి. మనవరాలి ఏడుపు వినపడుతున్నా డబ్బాని ఉత్సవ విగ్రహంలా పట్టుకునే ఉన్నాడు. కమ్మలు ఫెళఫెళమంటూ రాలుతున్నాయి.

చిన్నతల్లి ఇంక ఆగలేదు. మావగారి చేతుల్లోంచి డబ్బా లాక్కుంది, తిరగేసింది, బొడిపెను బండకేసి కొట్టింది. చిమ్మే నీళ్ళతో దారి చేసుకుంటూ లోపలికి వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చింది. అప్పటికే పిల్ల ఎడమచెయ్యి మోచేతిదాకా కాలిపోయింది.

వీధిలోంచి పరుగెత్తుకొచ్చిన సుభద్రమ్మ పిల్ల చేతిని చూడలేదు. ముందు డబ్బాని చూసింది.

"మైలతో ముట్టేసినావు. అమ్మోరు ఊరుకుంతాదా? పిల్ల సెయ్యి తీసుకున్నాది," అన్నది.

నరసింగరావు తల ఊపాడు. మిల్లునుంచి వచ్చిన కొడుకు చినబాబుకి అదే కథ చెప్పారు. వాడు నమ్మాడో లేదో తెలీదు, బండి మాత్రం మాట్లాడి వచ్చాడు. మర్నాడు చిన్నతల్లిని పొందూరు, పుట్టింటికి పంపేశారు. పిల్ల తమ రక్తం కాబట్టి ఉంచుకున్నారు.

బండెక్కేముందు చిన్నతల్లి తన గురించి ఒక్క ముక్క అడగలేదు.

"మావా, డబ్బా కాళీ అయిపోనాది. మూత ఇప్పి మందు పొయ్యించు," అన్నది.

"అమ్మోరు కాళీ అవుతాదేటే," అన్నాడాయన. బండివాణ్ణి తోలమన్నాడు.

డబ్బాని పసుపునీళ్ళతో కడిగి, కొత్త బొట్టు పెట్టి, పీట మీద నిలబెట్టారు. వారంలో వసారాకి కొత్త కమ్మలు కప్పి, ఊకపొయ్యి అక్కడే వేశారు. ఈసారి పిల్లని కొట్టుగదిలో పడుకోబెట్టడానికి సుభద్రమ్మ జంకలేదు. తలాపున ఆ డబ్బాని పెట్టి, తలుపు దగ్గరగా వేసి, కబుర్లకి వెళ్తోంది.