మూడు చోట్ల పడుకునే అవ్వ

బోట్స్వానాలో పాతకాలపు కుటుంబమంటే మూడు కాపురాలు. ఊళ్ళో ఇల్లు, చేలో గుడిసె, పశువుల మంద దగ్గర పాక. కాలాన్ని బట్టి మనుషులు అటూ ఇటూ తిరుగుతుంటారు. ఖుదుమనె ఊళ్ళో ఒరాతిలె అవ్వకు మాత్రం ఆ తిరుగుడు లేదు. పొద్దున్నే ఇంట్లో జొన్న జావ కాచేది, అదే వేళకు చేలో పిట్టల్ని తోలేది, మంద దగ్గర పాలు వడగట్టేది. ఎప్పుడూ అంతే కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆ ఏడు జనాభా లెక్కల పని ఒనలెన్నాకు దొరికింది. ఇరవయ్యేళ్ళ పిల్ల, అంకెలంటే ప్రాణం. ఊరు, చేలు, మందలు కలిపి ఐదొందల మంది తేలితే కాన్పుల నర్సు ఇక్కడే ఉంటుందని కబురు. అక్క సెగామెట్సీకి ఏడో నెల. పోయినేడు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే లారీ ఇసుకలో దిగబడి, తొలి బిడ్డ దారిలోనే పోయింది.

మూడు రోజులు గాడిదబండి మీద తిరిగి, మంద దగ్గర చివరి పాక ముందు కూడిక వేసింది. నాలుగొందల తొంభై ఎనిమిది! మళ్ళీ వేసింది. అంతే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తనిఖీకి వచ్చిన పై అధికారి కాగితాలు చూశాడు. "ఈ పాక ఖాళీ అని రాశావేం? రాత్రి ఇక్కడ పడుకున్నదెవరు?"

"ఒరాతిలె అవ్వండి. ఆవిణ్ణి ఊళ్ళోనే రాసేశా. అందుకే చేలో కూడా రాయలేదు."

"చేలోనూ పడుకుందా?"

"రోజూ పడుకుంటుందండి."

పాలు వడగడుతున్న అవ్వ తలెత్తింది. "మూడు చోట్లా నడుంనొప్పి నాకేగా! లెక్కకొచ్చేసరికి ఒక్కదాన్నైపోయానా? బాగుందే నీ చదువు!"

అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. "రాత్రి ఎక్కడ పడుకున్నవాళ్ళను అక్కడ రాయాలి. అంతే ఉంది. మరి రాయవేమ్మా?"

పాకలో ఒకటి. చేలో ఒకటి. ఐదొందలు! ఒనలెన్నా పెన్ను పారేసి అవ్వను ఎత్తి గిరగిరా తిప్పేసింది.

"దింపవే పిచ్చిదానా, పాలు ఒలుకుతాయి!"

నెల తిరక్కుండా నర్సు వచ్చింది. కాన్పు రోజున చూస్తే బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నర్సు రెండు గంటలు చెమటోడ్చింది. మిట్టమధ్యాహ్నం బిడ్డ కెవ్వుమంది.

"మూడు కిలోల రెండొందలు!" ఒనలెన్నా వాకిట్లోకొచ్చి అరిచింది.

లోపల అవ్వ బిడ్డను అందుకుని, నాలుక ఆడిస్తూ ఊరంతా వినబడేలా సంతోషపు కూత పెట్టింది. అదే క్షణాన, ఇరవై కిలోమీటర్ల అవతల మంద దగ్గరా కూత పెట్టింది. అక్కడ నీళ్ళు తోడుతున్న సెగామెట్సీ మొగుడు బకెట్టు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు.

"అవ్వా, ఎవరు? ఎలా ఉంది?"

"నువ్వే చూసుకో. ఆడపిల్ల. అచ్చం నీ ముక్కే!" అంటూ అవ్వ, ఊళ్ళో బిడ్డను ఎత్తుకున్నట్టే, ఇక్కడ ఖాళీ చేతులు చాచింది.

అతను తడిచేతులు చొక్కాకు తుడుచుకుని, వంగి చూశాడు.